ఆటల ద్వారా ఆంగ్ల సంభాషణ బోధన

ఆటల ద్వారా ఆంగ్ల సంభాషణ బోధన అనగా, ఆంగ్లం మాతృభాష కాని విద్యార్థుల చేత ఆ భాషలో మాట్లాడించడానికి తరగతి గదిలో ఆటలను సాధనంగా వాడే బోధనా పద్ధతి. ఇందుకు వాడే ఆటలను భాషా క్రీడలు అంటారు. ప్రతి భాషా క్రీడకు కొన్ని నియమాలు, ఒక లక్ష్యం, ఒక ముగింపు ఉంటాయి. ఆ లక్ష్యాన్ని చేరాలంటే ఆడేవారు మాట్లాడక తప్పదు. విద్యార్థి దృష్టి వ్యాకరణం మీద కాక ఆట గెలవడం మీద ఉంటుంది. భాష ఆ గెలుపుకు పనిముట్టు అవుతుంది. పాఠం ముగిసిన తరువాత పిల్లలకు వినోదం కోసం ఆడించే ఆటలకు, పాఠంగానే ఆడించే ఈ ఆటలకు గల ప్రధానమైన తేడా ఇదే.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల గ్రామీణ పాఠశాలల్లో ఈ పద్ధతికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఇక్కడి విద్యార్థులలో అనేకులు పదేళ్ళ పాటు ఆంగ్లాన్ని ఒక పాఠ్యాంశంగా చదివి, పరీక్షలలో ఉత్తీర్ణులై కూడా ఆ భాషలో రెండు వాక్యాలు పలకడానికి వెనుకాడతారు. ఈ వ్యాసంలో ఆ పరిస్థితిని సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడమైనది.

పరభాష, ద్వితీయ భాష

భాషా బోధనలో పరభాష, ద్వితీయ భాష అనే రెండు మాటలను వేరువేరు అర్థాలలో వాడతారు. తరగతి గది బయట కూడా వినిపిస్తూ, నిత్య వ్యవహారంలో అవసరమయ్యే భాష ద్వితీయ భాష. తరగతి గదిలో తప్ప మరెక్కడా మాట్లాడే అవకాశం లేని భాష పరభాష. భారతదేశంలో ఆంగ్లం చట్టరీత్యా విదేశీ భాష కాదు. 1963 నాటి అధికార భాషల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలలో హిందీతో పాటు దాని వాడుక కొనసాగుతున్నది. అయితే హైదరాబాదులోని ఒక కార్యాలయంలో ద్వితీయ భాషగా ఉన్న ఆంగ్లమే, ఒక పల్లెటూరి బడిలో ఆచరణలో పరభాష అవుతుంది. కాబట్టి ఒక భాష పరభాషా కాదా అన్నది ఆ భాష స్వభావాన్ని బట్టి కాక, నేర్చుకునేవాడి పరిసరాలను బట్టి నిర్ణయమవుతుంది.

తిరుమలగిరి ప్రాంతంలో భాషా పరిస్థితి

తిరుమలగిరి సూర్యాపేట–జనగామ రహదారిపై ఉన్న పట్టణం, మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఇది నల్గొండ జిల్లాలో ఉండేది. 2018లో పురపాలక సంఘంగా ఏర్పడింది. నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ వైపున ఇదే పేరుతో మరొక మండలం ఉన్నది. దానిని తిరుమలగిరి (సాగర్) అని వ్యవహరిస్తారు.

ఈ ప్రాంతంలో ప్రధాన భాష తెలుగు. ముస్లిం కుటుంబాలలో ఉర్దూ, తండాలలో లంబాడీ భాష వాడుకలో ఉన్నాయి. తండా నుండి వచ్చే విద్యార్థికి బడిలోని తెలుగే రెండవ భాష. హిందీ, ఆంగ్లం ఆ తరువాత వచ్చి చేరతాయి. ఆంగ్లంలోని ఒక మాటకు తెలుగు అర్థం చెప్పగానే అందరికీ విషయం బోధపడిందని ఉపాధ్యాయుడు అనుకోవడం ఇటువంటి తరగతిలో అన్నివేళలా సరికాదు.

మరొక విశేషం గమనింపదగినది. ఇక్కడి పిల్లలకు ఆంగ్ల పదాలు కొత్త కావు. బస్సు, టికెట్, ఫోను, చార్జర్, కరెంటు, మోటారు, స్టార్టర్, ట్రాక్టర్, మార్కెట్, రేటు, లోను వంటి మాటలు బడికి వెళ్ళని పెద్దల నోట కూడా రోజూ వినబడతాయి. దుకాణాల పలకల మీద, ఎరువుల బస్తాల మీద, పురుగుమందుల డబ్బాల మీద ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి. పిల్లలకు లేనిది పదసంపద కాదు, వాక్యం. ఆ పదాలను వాక్యంలో కూర్చి మరొకరితో పలికే సందర్భం వారికి దొరకదు. ఆ సందర్భాన్ని కల్పించడమే భాషా క్రీడల పని.

తెలుగు నాట ఆంగ్ల బోధన

నిజాం పాలనలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఉర్దూ బోధనా మాధ్యమంగా ఉండేది. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఉర్దూయే మాధ్యమం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలుగు మాధ్యమం విస్తరించింది. త్రిభాషా సూత్రం కింద తెలుగు ప్రథమ భాషగా, హిందీ ద్వితీయ భాషగా, ఆంగ్లం తృతీయ భాషగా కొనసాగాయి. పాఠాన్ని చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు రాయించే పద్ధతే చాలాకాలం ప్రధానంగా నడిచింది.

1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ప్రారంభమయింది. ఉపాధ్యాయ శిక్షణ దీని ముఖ్య లక్ష్యాలలో ఒకటి. ఈ సంస్థ 1972లో కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థగా, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రూపొందిన రాష్ట్ర విద్యా ప్రణాళికా చట్రం తరువాత ఆంగ్ల వాచకాలు మారాయి. ఉన్నత పాఠశాల తరగతులకు 'అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్' పేరుతో వచ్చిన వాచకాలలో పదజాలం, వ్యాకరణం, రచనలతో పాటు వినడం, మౌఖిక కృత్యం, ప్రాజెక్టు పని అనే భాగాలు చేరాయి. 2022–23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలను అందించారు. దీనితో సంభాషణ అవసరం మరింత పెరిగింది. పూర్వం ఆంగ్లం రాని విద్యార్థికి ఒక పాఠ్యాంశమే కష్టమయ్యేది. ఆంగ్ల మాధ్యమంలో గణితం, విజ్ఞానశాస్త్రం కూడా కష్టమవుతాయి. అర్థం కాలేదని చెప్పడానికి కూడా అతనికి భాష కావలసి వస్తుంది.

విద్యార్థి మౌనానికి కారణాలు

తరగతిలో విద్యార్థి మాట్లాడకపోవడానికి భాష రాకపోవడం ఒక్కటే కారణం కాదు. మరికొన్ని కారణాలు ఇవి:

* నవ్వుతారనే భయం: తప్పు పలికితే తోటివారు నవ్వుతారనే సంకోచం కౌమార దశలో ఎక్కువ. ఆరవ తరగతిలో చేయి ఎత్తే పిల్లలే తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి తలవంచుకొని కూర్చోవడం ఉపాధ్యాయులకు పరిచితమైన విషయమే. భాషా తరగతిలోని ఈ ఆందోళనను కొలవడానికి ఎలేన్ హార్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 1986లో 33 అంశాల కొలమానాన్ని రూపొందించారు.
* సమయాభావం: 45 నిమిషాల పీరియడులో 40 మంది విద్యార్థులు ఉంటే, ఉపాధ్యాయుడు తాను ఒక్క మాట కూడా మాట్లాడకుండా సమయమంతా పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరికి ఒక నిమిషం కంటే కొద్దిగా ఎక్కువ సమయం మాత్రమే వస్తుంది. అదే 20 నిమిషాల పాటు అందరినీ జంటలుగా మాట్లాడిస్తే ఒక్కొక్కరికి సుమారు 10 నిమిషాలు లభిస్తాయి.
* చెప్పవలసిన అవసరం లేకపోవడం: ఉపాధ్యాయుడు తన చేతిలోని కలాన్ని చూపి అది ఏమిటని అడిగితే, జవాబు అందరికీ తెలిసినదే. తెలిసినదానిని చెప్పడంలో సమాచారం లేదు, కాబట్టి ఉత్సాహమూ లేదు.
* పరీక్షా విధానం: పదవ తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్ష. మాట్లాడే నైపుణ్యానికి అందులో చోటు లేదు.

మౌనాన్ని పోగొట్టడానికి కొన్ని పాఠశాలలు శిక్షను ఆశ్రయించాయి. బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా విధించడం ఇందులో ఒకటి. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక పాఠశాలలో తెలుగులో మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన ఘటన రాష్ట్రమంతటా నిరసనకు దారితీసింది. శిక్ష వల్ల పిల్లవాడు తెలుగు మాట్లాడడం మానవచ్చును గాని, ఆంగ్లం మాట్లాడడం మొదలుపెట్టడు. రెండు భాషలలోనూ మౌనమే మిగులుతుంది.

సిద్ధాంత నేపథ్యం

ఆటల వాడుకకు భాషార్జన సిద్ధాంతాలలో కొన్ని ఆధారాలు కలవు. స్టీఫెన్ క్రాషెన్ 1980ల ఆరంభంలో ప్రచారంలోకి తెచ్చిన భావన ప్రకారం, భయం, ఆందోళన, ఆత్మవిశ్వాస లోపం విద్యార్థికి భాషకు మధ్య ఒక తెరగా నిలుస్తాయి. ఆ తెర పలుచబడినప్పుడే విన్న భాష లోపలికి చేరుతుంది. ఆటలో మునిగిన పిల్లవాడు తాను భాష నేర్చుకుంటున్న సంగతి కొంతసేపు మరచిపోతాడు.

మెరిల్ స్వెయిన్ 1985లో మరొక విషయాన్ని ముందుకు తెచ్చింది. వినడం, చదవడం మాత్రమే చాలవు. స్వయంగా వాక్యం నిర్మించినప్పుడే తనకు ఏది రాదో నేర్చుకునేవాడికి తెలుస్తుంది. మైకేల్ లాంగ్ పరిశోధనలు పరస్పర సంభాషణకు ప్రాధాన్యమిచ్చాయి. ఎదుటివారికి అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పడం, మార్చి చెప్పడం, అడిగి తెలుసుకోవడం వలన భాష పట్టుబడుతుందని ఆయన వాదం. జంటలుగా ఆడే ఆటలలో ఈ మూడూ సహజంగా జరుగుతాయి.

చరిత్ర

ఆటలతో బోధన భారతదేశానికి కొత్త కాదు. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల ఆరంభంలో రాసిన 'దివాస్వప్న' గ్రంథంలో, కథలు, ఆటలతో తరగతిని నడిపే ఒక ఉపాధ్యాయుని ప్రయోగాన్ని వర్ణించాడు. ఈ గ్రంథం 'పగటికల' పేరుతో తెలుగులోకి వచ్చి ఉపాధ్యాయులలో ఆదరణ పొందింది.

పరభాషా బోధనలో ఆటలపై 1965లో డబ్ల్యు. ఆర్. లీ రచించిన గ్రంథం తొలినాటి వాటిలో ఒకటి. 1979లో ఆండ్రూ రైట్, డేవిడ్ బెటరిడ్జ్, మైకేల్ బక్బీ కలిసి 'గేమ్స్ ఫర్ లాంగ్వేజ్ లెర్నింగ్' ప్రచురించారు. 1984లో మారియో రిన్వొలుక్రి వ్యాకరణ ఆటల పుస్తకం, ఫ్రీడరికె క్లిప్పెల్ సంభాషణా కృత్యాల పుస్తకం వెలువడ్డాయి.

దక్షిణ భారతదేశంలో 1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు నాయకత్వంలో జరిగిన బెంగుళూరు ప్రాజెక్టు ప్రపంచవ్యాప్తంగా పేరు పొందింది. బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల సాధారణ పాఠశాలల్లో వ్యాకరణ పాఠాలకు బదులుగా రైలు వేళల పట్టికలు, పటాలు, చిన్న సమస్యలు ఇచ్చి, వాటిని పరిష్కరించే క్రమంలో ఆంగ్లం నేర్పారు. ప్రభు ఈ కృత్యాలను మూడు విధాలుగా విభజించాడు. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియనప్పుడు సమాచార అంతరం, ఇచ్చిన వివరాల నుండి కొత్త విషయం ఊహించవలసి వచ్చినప్పుడు తార్కిక అంతరం, ఎవరి అభిరుచి వారు చెప్పవలసి వచ్చినప్పుడు అభిప్రాయ అంతరం. నేటి భాషా క్రీడలలో అధికభాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని పైననే ఆధారపడి ఉన్నవి. అయితే విద్యార్థులను గుంపులుగా విడదీసి మాట్లాడించడాన్ని ప్రభు ప్రోత్సహించలేదు. ఒకరి తప్పులు మరొకరికి అంటుకుంటాయని ఆయన సందేహం. ఆ సందేహం నేటికీ చర్చనీయాంశమే.

తెలుగువారి మాటల ఆటలు

నియమం పెట్టి మాట్లాడించే సంప్రదాయం తెలుగులో ప్రాచీనమైనది. అష్టావధానంలోని నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని తప్పించి పద్యం చెప్పాలి. దత్తపదిలో ఇచ్చిన పదాలను పద్యంలో ఇమడ్చాలి. అప్రస్తుత ప్రసంగంలో అడ్డదిడ్డమైన ప్రశ్నలకు ఏకాగ్రత చెదరకుండా బదులివ్వాలి. ఆంగ్ల తరగతులలో ఆడించే నిషిద్ధ పదాల ఆట, ఇచ్చిన పదాలతో కథ అల్లే ఆట ఈ ప్రక్రియలకు దూరపు చుట్టాల వంటివి. అవధానంలో మాదిరిగానే ఇక్కడ కూడా నియమమే మాటను పుట్టిస్తుంది.

పిల్లల ఆటలలో పొడుపు కథలు, అంత్యాక్షరి, చీటీలు వేసి రాజు, మంత్రి, దొంగ, పోలీసులుగా ఆడే ఆట, సైగలతో సినిమా పేరు చెప్పే ఆట అందరికీ తెలిసినవే. వీటి నియమాలు పిల్లలకు ముందే తెలుసు కాబట్టి, వివరించడానికి సమయం వృథా కాదు. భాష ఒక్కటే కొత్తగా ఉంటుంది. ఆట, భాష రెండూ ఒకేసారి కొత్తవైతే తరగతి తికమక పడుతుంది.

ఆటల రకాలు

ఊహించి అడిగే ఆటలు: ఒక విద్యార్థి ఒక వస్తువును మనసులో తలచుకుంటాడు. మిగిలినవారు అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు మాత్రమే అడిగి, ఇరవై ప్రశ్నలలోపు దానిని కనుగొనాలి. ఈ ఆట తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. తెలుగులో వాక్యం చివర దీర్ఘం చేర్చితే ప్రశ్న అవుతుంది: వస్తాడు, వస్తాడా. ఆంగ్లంలో పదాల క్రమమే మారాలి. పది వాక్యాలను ప్రశ్నలుగా మార్చి రాయమంటే విసుగుపడే విద్యార్థి, ఈ ఆటలో ఇరవై ప్రశ్నలను విసుగు లేకుండా అడుగుతాడు.

సమాచార అంతరపు ఆటలు: ఇద్దరికీ ఒకే పట్టిక ఇస్తారు. ఒకరి పట్టికలో ఉన్న వివరాలు రెండవవారి పట్టికలో ఖాళీగా ఉంటాయి. పట్టిక చూపుకోకుండా, అడిగి తెలుసుకొని ఖాళీలు నింపాలి. బస్సు వేళలు, మార్కెట్ ధరలు, గ్రామ పటం ఇందుకు అనువైనవి.

వర్ణించి గీయించే ఆటలు: ఒకరు తమ వద్ద ఉన్న బొమ్మను మాటలతో వర్ణిస్తే మరొకరు గీస్తారు. చివరికి రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తారు. బొమ్మ తప్పుగా వస్తే మాట ఎక్కడ తప్పిందో ఉపాధ్యాయుడు చెప్పనవసరం లేకుండానే తెలిసిపోతుంది. పైన, కింద, పక్కన, మధ్య అనే అర్థాలనిచ్చే విభక్తి ప్రత్యయాల వంటి మాటలు తెలుగులో నామవాచకం తరువాత, ఆంగ్లంలో ముందు వస్తాయి. ఈ తేడా ఇక్కడ బాగా అలవాటవుతుంది.

వ్యక్తిని కనుగొనే ఆటలు: తరగతిలో ఈత వచ్చినవారు, ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నవారు, సైకిలు మీద బడికి వచ్చేవారు ఎవరో తిరిగి అడిగి పేర్లు రాసుకోవాలి. అతడు, ఆమె అనే అర్థాలనిచ్చే ఆంగ్ల సర్వనామాల వాడుకకు ఇది మంచి అభ్యాసం. తెలుగు వాడుకలో స్త్రీకీ, వస్తువుకూ 'అది' అనే సర్వనామం, ఒకే క్రియారూపం వచ్చే సందర్భాలు ఉండడం వలన విద్యార్థులు ఇక్కడ తరచు పొరబడతారు.

జ్ఞాపకపు ఆటలు: బల్లమీద పది వస్తువులు పెట్టి, నిమిషం తరువాత గుడ్డ కప్పి, ఏమేమి ఉన్నాయో చెప్పించడం ఒక రకం. రడ్యార్డ్ కిప్లింగ్ 1901 నాటి 'కిమ్' నవలలో ఇటువంటి ఆట ఉండడం వలన దీనికి కిమ్ ఆట అని పేరు వచ్చింది. ఒకరు చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పి, దానికి మరొక మాట కలుపుతూ పోయే గొలుసు ఆట మరొక రకం.

ఆజ్ఞల ఆటలు: ఉపాధ్యాయుడు ఆంగ్లంలో ఇచ్చిన ఆజ్ఞను పిల్లలు చేసి చూపాలి. మాట్లాడడానికి ఇంకా సిద్ధంగా లేని చిన్న తరగతులకు ఇది అనువైనది. కొద్దిరోజుల తరువాత ఆజ్ఞ ఇచ్చే వంతు పిల్లలకే అప్పగించాలి.

పాత్రాభినయం: కండక్టరు, ప్రయాణికుడు, వైద్యుడు, రోగి, దుకాణదారు, కొనేవాడు వంటి పాత్రలు ఇచ్చి సంభాషింపజేయడం. ప్రతి పాత్రకూ ఒక చిక్కు ఉంటేనే ఇది ఆట అవుతుంది. లేకపోతే కంఠస్థం చేసిన పాఠం అప్పగించినట్లే ఉంటుంది.

ఒక నిమిషపు ఆట: చీటీలో వచ్చిన విషయం మీద ఆగకుండా ఒక నిమిషం మాట్లాడాలి. 1967లో ప్రారంభమైన బీబీసీ రేడియో కార్యక్రమం 'జస్ట్ ఎ మినిట్' ద్వారా ఇది ప్రసిద్ధి చెందింది. ఇది పై తరగతులకు తగినది.

ఒక ఉదాహరణ

తిరుమలగిరి వంటి పట్టణంలోని ఏడవ తరగతికి మార్కెట్ ఆటను ఈ క్రింది విధంగా ఆడించవచ్చును.

# తరగతిలో సగం మంది అమ్మేవారు, సగం మంది కొనేవారు. అమ్మే ప్రతివారి చీటీలో ఐదు సరుకులు, వాటి ధరలు ఉంటాయి. ఒకరి ధరలు మరొకరి ధరలతో కలవవు.
# కొనేవారి చీటీలో నాలుగు సరుకుల పేర్లు, చేతిలో ఉన్న సొమ్ము ఉంటాయి. ఆ సొమ్ము అన్ని సరుకులకు చాలాలంటే నలుగురైదుగురిని అడిగి చూసుకోవలసిందే.
# ఆటకు ముందు ఉపాధ్యాయుడు అవసరమైన నాలుగైదు వాక్యాలను నల్లబల్ల మీద రాసి, అందరి చేత పలికిస్తాడు. ఉదాహరణకు, 'హౌ మచ్ ఈజ్ ఇట్?', 'ఇట్ ఈజ్ టూ మచ్', 'కెన్ యూ గివ్ మీ టూ కిలోస్?'
# ఒక విద్యార్థి జంటతో ముందుగా ఆడించి చూపాలి. నియమాలను నోటితో వివరించడం కంటే ఇది త్వరగా అర్థమవుతుంది.
# ఐదు నిమిషాలు గడిచాక ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద నుండి ఒక్కొక్క వాక్యాన్నే చెరిపివేస్తాడు. ఆట ముగిసే నాటికి బల్ల ఖాళీ అవుతుంది, వాక్యాలు నోట మిగులుతాయి.
# తక్కువ సొమ్ముతో సరుకులన్నీ కొన్నవారు గెలిచినట్లు. తరువాత కొనేవారు అమ్మేవారుగా మారి మళ్ళీ ఆడతారు.

ఆట జరుగుతుండగా ఉపాధ్యాయుడు తప్పులు దిద్దకూడదు. తరచు వినబడిన నాలుగైదు తప్పులను రాసుకొని, ఆట ముగిసిన తరువాత ఎవరి పేరూ చెప్పకుండా బల్ల మీద రాసి, అందరి చేత సరిచేయించాలి. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు బేరమాడడం కొత్త కాదు. తరగతిలో మార్కులు తక్కువ వచ్చే పిల్లలు కూడా ఈ ఆటలో ముందుండే అవకాశం ఉన్నది.

నిర్వహణలో జాగ్రత్తలు

* జంటలను, గుంపులను ఉపాధ్యాయుడే ఏర్పరచాలి. బాగా మాట్లాడేవారంతా ఒకచోట చేరితే మిగిలిన గుంపులు మూగబోతాయి.
* పై తరగతులలో బాలబాలికలు ఒకరితో ఒకరు జంటగా మాట్లాడడానికి సంకోచిస్తే బలవంతం చేయకూడదు. బాలికలు బాలికలతో జంటకట్టి ఆడినా ఫలితం తగ్గదు.
* వేగంగా చెప్పినవారే గెలిచే ఆటలు తరచు ఆడిస్తే, నెమ్మదిగా మాట్లాడేవారు వెనుకబడతారు. పోటీ ఆటలకు, కలిసి సాధించే ఆటలకు సమానంగా చోటివ్వాలి.
* ఓడినవారికి శిక్ష ఉండకూడదు. ఆటలో శిక్ష చేరితే పాత భయం మళ్ళీ తిరిగి వస్తుంది.
* ఆటకు కావలసిన వస్తువులు ఖరీదైనవి కానవసరం లేదు. పాత నోటు పుస్తకాల అట్టలు, వార్తాపత్రికల బొమ్మలు, చింతగింజలు చాలును.
* పక్క తరగతికి ఇబ్బంది కలగకుండా వీలైతే చెట్టు కింద ఆడించవచ్చు. గొంతు తగ్గించి మాట్లాడడాన్ని ఆట నియమాలలో ఒకటిగా పెట్టవచ్చు.

మాతృభాష స్థానం

ఆట నడుమ విద్యార్థులు ఉత్సాహంలో తెలుగులోకి వెళ్ళిపోవడం సర్వసాధారణం. దీనిని నేరంగా చూడనవసరం లేదు. నియమాలు వివరించడానికి, తగవు తీర్చడానికి తెలుగు వాడవచ్చు. ఆటలోని ఎత్తు మాత్రం ఆంగ్లంలోనే వేయాలి. ఆంగ్లంలో అడగని ప్రశ్నకు జవాబు చెప్పనవసరం లేదనే నియమం పెడితే, అదుపుచేసే పని ఉపాధ్యాయునికి తప్పి, ఆటకే చేరుతుంది. తండాల పిల్లలున్న తరగతిలో వస్తువులకు లంబాడీ పేర్లు కూడా చెప్పించడం వలన వారికి గౌరవం, మిగిలినవారికి కుతూహలం కలుగుతాయి.

తెలుగు పరభాష అయిన చోట

ఇదే సమస్య తలకిందులుగా ప్రవాసాంధ్రుల ఇళ్ళలో కనిపిస్తుంది. అమెరికాలో పుట్టి పెరిగే తెలుగు పిల్లలకు ఆంగ్లం బడి భాష, వీధి భాష. తెలుగును వింటే అర్థం చేసుకొని ఆంగ్లంలో బదులివ్వడం అక్కడ మామూలు విషయం. సిలికానాంధ్ర సంస్థ 2007లో ప్రారంభించిన మనబడి కార్యక్రమం ఈ పిల్లలకు తెలుగు నేర్పుతున్నది. ఆ సంస్థ నిర్వహించే పోటీలకు 'తెలుగు మాట్లాట' అని పేరు. మాట, ఆట అనే రెండు పదాల కలయిక ఆ పేరులోనే ఉన్నది. వాటిలో 'ఒనిమ' అనగా ఒక్క నిమిషం మాత్రమే. పిల్లలు ఒక నిమిషం పాటు తెలుగులో మాట్లాడవలసిన పోటీ ఇది.

తిరుమలగిరిలోని పిల్లవాడు ఆంగ్లం ముందు, అమెరికాలోని తెలుగు పిల్లవాడు తెలుగు ముందు ఒకే విధంగా మౌనం వహిస్తారు. ఇద్దరికీ భాష కొంత తెలుసు. ఆ భాషలో మాట్లాడవలసిన అవసరం మాత్రం వారి పరిసరాలలో లేదు. మౌనం తెలివితేటలకు గాని, కుటుంబ నేపథ్యానికి గాని సంబంధించిన లోపం కాదనడానికి ఈ పోలిక ఒక నిదర్శనం.

విమర్శలు, పరిమితులు

ఆటల వలన సిలబస్ పూర్తి కాదన్నది ఉపాధ్యాయుల నుండి తరచుగా వినబడే అభ్యంతరం. పాఠానికి సంబంధం లేని ఆటల విషయంలో ఇది నిజమే. పాఠంలోని పదాలు, వాక్య నిర్మాణాలతోనే ఆట కూర్చినప్పుడు అభ్యాసాల సమయంలో కొంత ఆటకు మారుతుందే గాని, అదనపు సమయం పట్టదు.

ఆటలో పలికే వాక్యాలు పరిమితమైనవి, వాటితో నిజమైన సంభాషణ రాదన్నది రెండవ విమర్శ. ఇందులోనూ కొంత సత్యం ఉన్నది. ఆట నోరు తెరిపించగలదు. ఆలోచనను క్రమబద్ధంగా చెప్పడం, వాదించడం, విస్తారంగా చదవడం వేరుగా నేర్పవలసినవే. విద్యార్థి స్థాయి పెరిగే కొద్దీ ఆటల స్థానంలో చర్చ, ప్రసంగం, నాటకం రావాలి.

ఉపాధ్యాయుని సంకోచం మూడవ పరిమితి. తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన ఉపాధ్యాయులలో కొందరికి తమ ఆంగ్ల ఉచ్చారణ మీద నమ్మకం తక్కువ. ఆటలో ఉపాధ్యాయుడు ఎక్కువగా మాట్లాడవలసిన పని లేకపోవడం ఇటువంటివారికి అనుకూలించే విషయమే. అయితే పిల్లలు వినే నమూనా వాక్యాలు సరిగా ఉండాలి కాబట్టి, ఆటకు ముందు తాను వాటిని అభ్యాసం చేసుకోవడం అవసరం.

ఆట పేరుతో మాట లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోపం. పదాల గళ్ళు నింపడం, అక్షరాలు వెదకడం వంటివి వినోదాన్నిస్తాయి, పదసంపదను పెంచుతాయి. కాని వాటిని నోరు విప్పకుండానే ముగించవచ్చు. సంభాషణ కోసం ఎంచుకునే ఆటకు పరీక్ష ఒక్కటే: మాట్లాడకుండా ఈ ఆట గెలవడం సాధ్యమా? సాధ్యమైతే అది సంభాషణా క్రీడ కాదు.

మూల్యాంకనం

ఆటకు మార్కులు వేయడం మంచిది కాదని సాధారణ అభిప్రాయం. మార్కులు ఉన్నాయని తెలియగానే విద్యార్థి మళ్ళీ తప్పుల లెక్కలో పడతాడు. దీనికి బదులుగా ఉపాధ్యాయుడు ఒక పుస్తకంలో ప్రతి విద్యార్థి ఆ వారం ఎవరితో మాట్లాడాడు, ఏ వాక్యాలు స్వయంగా కూర్చాడు అన్నది రెండు మాటలలో రాసుకోవచ్చు. నెలకొకసారి ఆ పుస్తకాన్ని తిరగేస్తే, ఒక్కసారి కూడా నోరు విప్పనివారు ఎవరో తెలుస్తుంది. తరువాతి ఆటను వారిని దృష్టిలో ఉంచుకొని ఎంచుకోవాలి.

తెలంగాణలో 2023–24 నుండి ఇంటర్మీడియట్ ఆంగ్లంలో 20 మార్కులకు ప్రాక్టికల్ పరీక్ష ప్రవేశపెట్టారు. పదవ తరగతి వరకు మాట్లాడే అలవాటు లేని విద్యార్థి రెండేళ్ళలో దీనికి సిద్ధం కావడం కష్టం. ఆ తరువాత డిగ్రీ కళాశాలలోనూ, ఉద్యోగాల ముఖాముఖిలోనూ అతనికి ఎదురయ్యేది ఇదే అవరోధం. కాబట్టి ప్రాథమిక, మాధ్యమిక దశలలోనే సంభాషణకు చోటు కల్పించడం అవసరం. పల్లెటూరి బడిలో అందుకు పెద్ద ఖర్చు లేకుండా అందుబాటులో ఉన్న మార్గాలలో ఆట ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి

* అవధానం
* పొడుపు కథలు
* అంత్యాక్షరి
* త్రిభాషా సూత్రం
* తిరుమలగిరి (సూర్యాపేట జిల్లా)
* ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం